పాయింట్లు తగ్గితే ఆట తగ్గినట్టు కాదు

మీ అభిమాన ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) ఆటగాడు కొత్త టీమ్‌కి మారాక సగటు పాయింట్లు పడిపోయాయి, ఇక అతని పని అయిపోయిందా అని అడిగారు కదా. అంత తొందరగా తేల్చేయకండి. బంతి ఒక్కటే. ఇద్దరు ముగ్గురు స్టార్లు ఒకే జట్టులో ఉంటే ఎవరో ఒకరు షాట్లు వదులుకోవాల్సిందే, అందుకే పాయింట్ల కన్నా షూటింగ్ శాతం, అంటే వేసిన షాట్లలో ఎన్ని బుట్టలో పడ్డాయో, ముందు చూడండి. 2016లో గోల్డెన్ స్టేట్ జట్టుకి వెళ్లిన కెవిన్ డ్యురాంట్ సగటు 28.2 నుంచి 25.1కి దిగింది, కానీ షూటింగ్ 50.5 నుంచి 53.7 శాతానికి పెరిగింది, ఆ సీజన్‌లోనే టైటిల్, ఫైనల్స్ ఎంవీపీ (ఫైనల్స్‌లో అత్యుత్తమ ఆటగాడి అవార్డు) రెండూ వచ్చాయి.

అసలు దెబ్బ తగిలేది మూడో స్టార్‌కే. కెవిన్ లవ్‌నే తీసుకోండి, మిన్నెసోటాలో సగటు 26.1 పాయింట్లు, క్లీవ్‌లాండ్‌కి రాగానే 16.4. అక్కడ ఆటంతా తన చుట్టూ తిరిగేది, ఇక్కడ లెబ్రాన్, కైరీ అనే ఇద్దరు స్టార్లు ఆడుతుంటే దూరంగా త్రీ-పాయింట్ లైన్ దగ్గర నిలబడి పాస్ కోసం ఎదురుచూడాల్సి వచ్చింది, చూస్తుంటే నాకే బాధేసేది. అయినా 2016 ఫైనల్స్ ఏడో గేమ్ చివరి నిమిషంలో గోల్డెన్ స్టేట్ స్టార్ స్టెఫ్ కర్రీని వదలకుండా కాసి, షాట్ మిస్సయ్యేలా చేసింది అతనే!

వయసు, గాయాలు తోడైతే మాత్రం లెక్క వేరు. 2012లో లేకర్స్ జట్టుకి వచ్చిన స్టీవ్ నాష్ రెండో గేమ్‌లోనే కాలి ఎముక విరగ్గొట్టుకున్నాడు, మళ్లీ పాత నాష్ కనిపించలేదు.

మీవాడి షాట్ల సంఖ్య, శాతం పాత సీజన్‌తో పక్కపక్కన పెట్టి చూడండి. షాట్లు తగ్గి శాతం నిలబడితే టెన్షన్ అక్కర్లేదు. షాట్లు అంతే ఉండి శాతం పడిపోతే, గాయమేమైనా ఉందేమో ఆరా తీయండి.