బడికి ముందు, బడి తర్వాత పిల్లల్ని చూసుకోవడం ఉపాధి అవుతుందా?

ప్రశ్న: బీకాం పూర్తి చేశాను. మాది హనుమకొండ, నయీంనగర్. మా వీధిలో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్ళు ఎక్కువ. పొద్దున బడి ఆటో వచ్చేదాకా, సాయంత్రం వాళ్ళు ఇంటికి చేరేదాకా పిల్లల్ని చూసుకోమని అడుగుతున్నారు. దీన్నే ఉపాధిగా పెట్టుకోవచ్చా? ఏ కోర్సు చేయాలి? అమ్మ మాత్రం ‘ఆయా పనికా డిగ్రీ చదివింది?’ అంటోంది.

జవాబు: పెట్టుకోవచ్చు. కేంద్రం పాల్నా పథకం కింద నడిచే క్రెష్‌లు (పగటిపూట చిన్నపిల్లల్ని చూసుకునే కేంద్రాలు) ఆరేళ్ళ లోపు పిల్లలకే. ఒకటో తరగతి దాటిన పిల్లాణ్ని సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా ఎక్కడ ఉంచాలన్నదే ఎంజీఎం ఆస్పత్రిలో షిఫ్టు డ్యూటీ చేసే తల్లికి, కాజీపేట రైల్వేలో పనిచేసే తండ్రికి రోజూ ఉండే టెన్షన్. అది తీర్చే పనిని మీ అమ్మగారు ఏ పేరుతో పిలిచినా ఫర్వాలేదు.

కోర్సు సంగతి తర్వాత. ముందు క్యాలెండర్ తీసి చూడండి. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలైతే పిల్లలు పన్నెండున్నరకే, ఎండలో, ఆకలితో మీ గుమ్మం ముందుంటారు. పదో తరగతి పరీక్షా కేంద్రమైన బడి ఆ రోజుల్లో మధ్యాహ్నం పూట నడుస్తుంది. అంటే ఒకరు వెళ్ళే వేళకు ఇంకొకరు వస్తారు. మధ్యాహ్నం అన్నం ఎవరు పెట్టాలి, ఆ నెల ఫీజు ఎంత, బతుకమ్మ, దసరా సెలవుల్లో, వేసవిలో ఏమిటన్నది జూన్‌లోనే కాగితం మీద రాసుకోండి. మొహమాటపడితే మార్చిలో గొడవ తప్పదు. సాయంత్రం ఆలస్యంగా వచ్చేవాళ్ళ సంగతి కూడా అప్పుడే తేల్చుకోండి.

గేటు దగ్గర ఒక నోట్‌బుక్ పెట్టండి. పిల్లాడు ఎన్నింటికి వచ్చాడు, ఏ ఆటోలో వచ్చాడు, ఎవరు తీసుకెళ్ళారు, సంతకం. తల్లిదండ్రులు రాసిచ్చిన పేర్లలో లేని మనిషి వస్తే, పిల్లాడు ‘మా బాబాయే’ అని పరుగెత్తినా సరే, తల్లికి ఫోన్ చేశాకే పంపండి. ఎవరైనా నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. మీ ఇంటికి వచ్చిపోయే మగవాళ్ళ విషయంలోనూ ఇంతే జాగ్రత్త. పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేయడం మీ బాధ్యత. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబర్ గోడ మీద రాసిపెట్టుకోండి.

‘ఎలాగూ మీ దగ్గరే ఉంటాడు కదా, కాస్త ట్యూషన్ కూడా చెప్పండి’ అంటారు. ఒప్పుకోకండి. హోంవర్క్ చేయించండి, అంతే. పొద్దుటి నుంచి బెంచీ మీద కూర్చున్న పిల్లాడికి ముందు ఏదైనా తినిపించి, ఓ అరగంట ఆడుకోనివ్వాలి. ట్యూషన్ అన్నారంటే రేపు మార్కులు తగ్గినా మిమ్మల్నే అడుగుతారు.

ఇక చదువు. ఇగ్నో దూరవిద్య విశ్వవిద్యాలయంలో ఇంటర్ అర్హతతో చేసే ఎర్లీ చైల్డ్‌హుడ్ కేర్ డిప్లొమా ఉంది. కానీ అది ఆరేళ్ళ లోపు పిల్లల గురించి. మీ దగ్గరికి వచ్చేది అంతకన్నా పెద్దవాళ్ళు కాబట్టి పునాదిగా పనికొస్తుంది కానీ, అదే సరిపోదు. రెడ్‌క్రాస్ లాంటి సంస్థలిచ్చే ప్రథమ చికిత్స శిక్షణ మాత్రం మొదలుపెట్టక ముందే తీసుకోండి. టీచర్ కావాలనిపిస్తే డీఈఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి రెండేళ్ళ డీఎల్‌ఎడ్ (ప్రాథమిక బడి టీచర్ల శిక్షణ కోర్సు) చేయవచ్చు.

చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చే కేంద్ర ముద్రా పథకంలో ‘శిశు’ విభాగం కింద 50,000 రూపాయల దాకా అప్పు దొరుకుతుంది. నా మాట వింటే ఇప్పుడే తీసుకోవద్దు. చాపలు, ఒక అల్మారా, ఆట సామాను తప్ప కొనాల్సిందేమీ లేదు. ముగ్గురు నలుగురు పిల్లలతో మొదలుపెట్టి, ఒక ఒంటిపూట బడుల కాలం దాటాకే ఐదో పిల్లాణ్ని తీసుకోండి.