తాతగారి పాత లీవర్ రైఫిల్‌ని ఎలా శుభ్రం చేయాలి?

చెన్నైలో మీ ఇంట్లో ఉన్న వించెస్టర్ 1873 గురించి అడిగారు. ట్రిగ్గర్ దగ్గరి లీవర్‌ని కిందకి లాగి తూటా ఎక్కించే పాతకాలపు అమెరికన్ రైఫిల్ అది. బట్‌లో, అంటే భుజానికి ఆనించే చెక్క భాగంలో, పొదిగిన ఇత్తడి బిళ్ల, రైఫిల్ ఇనుప భాగం పక్కన ఎవరో వేసిన రెండు మర (స్క్రూ) రంధ్రాలు ఉన్నాయన్నారు.

లైసెన్స్ ఇంకా తాతగారి పేరుతోనే ఉంటే ముందు రైఫిల్‌ని పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో అప్పగించి, మీ పేరున లైసెన్స్‌కి దరఖాస్తు పెట్టండి. మిగతాదంతా ఆ తర్వాతే.

లీవర్ తెరిచి లోపల ఖాళీయేనా చూడండి. అక్కడితో ఆగకండి. గొట్టం కింద ఉండే పొడవాటి మ్యాగజైన్‌లో (తూటాలు నింపే గొట్టంలో) పాత తూటా ఇరుక్కుని ఉండొచ్చు. అనుమానం ఉంటే తుపాకుల మెకానిక్‌కే వదిలేయండి.

ఆ రంధ్రాల్లోకి టార్చ్ వేసి భూతద్దంతో చూడండి. లోపలి మరలు కూడా పైన ఇనుములాగే గోధుమ రంగుకు తిరిగి ఉంటే పాత పనే అనుకోవచ్చు. తళతళా మెరుస్తుంటే ఈమధ్య వేసినవి. ఏదైనా సరే, పూడ్చకండి. ఆ రైఫిల్ ఎవరెవరి చేతులు మారిందో చెప్పే గుర్తులు అవే.

ఇత్తడి బిళ్లని చింతపండుతో తోమాలనిపిస్తుంది. దయచేసి వద్దు, ఆ పులుపు పక్కనున్న చెక్కలోకి దిగుతుంది. గరుకు కాగితం అసలే వద్దు. ఇనుము మీది తుప్పుకి పలచని మెషిన్ ఆయిల్ రాసి, ఒక రోజు ఉంచి, మెత్తటి గుడ్డతో తుడవండి.

ఈ రైఫిల్ వెనక భాగం మూసి ఉంటుంది కాబట్టి గొట్టం లోపల శుభ్రం చేసే రాడ్‌ని గొట్టం మూతి నుంచే దించాలి. మూతి అంచు అరిగిపోకుండా గైడ్ (రాడ్‌ని మధ్యలో నిలిపే చిన్న తొడుగు) పెట్టుకోండి. సముద్రపు గాలి కదా, తోలు సంచిలో మాత్రం దాచకండి, చెమ్మ పట్టేస్తుంది.