జీపు బానెట్‌కు లూవర్లు కోయిస్తే లోపలి వేడి తగ్గుతుందా?

ఎండాకాలంలో మీ పాత డీజిల్ జీపు బానెట్ కింద వేడి విపరీతంగా ఉంటోందని, కాళ్ళు కూడా కాలుతున్నాయని, బానెట్ వెనుక మడతబందుల కింద వాషర్లు వేసి అర అంగుళం ఎత్తించాలా లేక ముందు అద్దానికి దగ్గరగా లూవర్లు (వేడి గాలి బయటికి పోయేలా అంచు పైకి లేపిన చీలికలు) కోయించాలా అని అడిగారు. నేను విజయవాడలో ఉంటాను. ప్యూజో ఎక్స్‌డీపీ 4.90 డీజిల్ ఇంజిన్ ఉన్న మహీంద్రా ఎంఎం 540 జీపును పదేళ్ళకు పైగా నడుపుతున్నాను, ఈ రెండు పనులూ చేసి చూశాను. వాషర్ల పని పెట్టుకోకండి. లూవర్లు పనిచేస్తాయి గానీ, మీరు కోయించాలనుకుంటున్న చోట కాదు.

బానెట్ జోలికి వెళ్ళే ముందు టెంపరేచర్ ముల్లు ఎక్కడ నిలుస్తోందో చూడండి. అది చూపేది రేడియేటర్ నీళ్ళ వేడిని, బానెట్ కింది గాలి వేడిని కాదు. ముల్లు ఎర్రగీత వైపు పోతుంటే లోపం రేడియేటర్‌లోనో, థర్మోస్టాట్‌లోనో, వాటర్ పంపులోనో, ఫ్యాన్ బెల్టులోనో ఉంటుంది. బానెట్‌కు ఎన్ని చీలికలు పెట్టినా రేడియేటర్ గొట్టాల్లో పేరుకున్న సున్నం కరగదు కదా. నా బండికైతే ఫ్యాన్ చుట్టూ ఉండవలసిన ష్రౌడ్ అనే తొడుగును పాత యజమాని ఎందుకో తీసి పారేశాడు. అది లేకపోతే ఫ్యాన్ రేడియేటర్ గుండా గాలిని లాగడానికి బదులు పక్కనున్న వేడి గాలినే తిప్పి తిప్పి కొడుతుంది. ష్రౌడ్ మళ్ళీ బిగించి, రేడియేటర్ విప్పి కడిగించిన తరువాతే నేను బానెట్ గురించి ఆలోచించాను.

మొదట నేనూ వాషర్లే వేశాను, ఖర్చు లేని పని కనుక. బండి నిలిచి ఉన్నప్పుడు వెనుక సందులో నుంచి వేడి గాలి బాగానే బయటికి వచ్చేది. కానీ ఇబ్రహీంపట్నం దాటి హైదరాబాదు రోడ్డెక్కి వేగం అరవై దాటగానే క్యాబిన్‌లో డీజిల్ పొగ వాసన మొదలైంది. కారణం తరువాత తెలిసింది. బండి కదులుతున్నప్పుడు ఎదురుగాలి అద్దానికి తగిలి దాని అడుగున గుమిగూడుతుంది, అందువల్ల అక్కడ గాలి ఒత్తిడి ఎక్కువ. కార్లలో క్యాబిన్‌కు తాజా గాలి తీసుకునే జాలీని అద్దం అడుగున పెట్టేది ఈ ఒత్తిడి కోసమే. అక్కడ సందు తెరిస్తే వేగంలో గాలి బయటికి రాదు, బయటి గాలే లోపలికి దూరి, లోపలి వేడినీ పొగనూ పెడళ్ళ రంధ్రాల గుండా మన కాళ్ళ దగ్గరికి తోస్తుంది. పైగా మడతబందుల బోల్టులకు పట్టు తగ్గి బానెట్ గతుకుల్లో దడదడమని కొట్టుకునేది. రెండు వారాలకే ఆ వాషర్లు తీసేశాను.

లూవర్లు ఎక్కడ కోయాలో తేల్చుకోవడానికి మేస్త్రీలు లెవెల్ చూసే పారదర్శక గొట్టాన్ని వాడుకున్నాను. ఒక కొసను బానెట్ మీద కొలవదలచిన చోట, చిన్న రంధ్రం ఉన్న రేకు బిళ్ళ కింద టేపుతో అతికించి, రెండో కొసను బానెట్ లోపల వదిలి, మధ్య భాగాన్ని క్యాబిన్‌లోకి తెచ్చి ‘యు’ ఆకారంలో చెక్కకు కట్టి, సిరా చుక్క కలిపిన నీళ్ళు పోశాను. బయటి ఒత్తిడి లోపలి దానికంటే తక్కువగా ఉంటే బయటి కొస వైపు నీటిమట్టం పైకి లేస్తుంది. మా అబ్బాయి ఆ చెక్కను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, నేను డెబ్బై వేగంలో నడిపాను. రేడియేటర్‌కు కాస్త వెనుక, అంటే ఫ్యాన్‌కూ ఇంజిన్ ముందు భాగానికీ పైన, మట్టం ఐదారు మిల్లీమీటర్లు లేచింది. బిళ్ళను వెనక్కి జరిపేకొద్దీ అది తగ్గుతూ వచ్చి, అద్దానికి జానెడు దూరంలో తిరగబడింది. మీ బండి బానెట్ వాలు వేరుగా ఉండవచ్చు కనుక మీరూ ఒకసారి కొలిచి చూసుకోండి, ఒక పూట పని మాత్రమే.

అసలు బానెట్‌ను కోయవద్దు. నేను పాత సామాను అంగడిలో రెండో బానెట్ కొని దానికే లూవర్లు పెట్టించి, అసలుదాన్ని ఇంట్లో దాచాను. మొదట వెళ్ళిన షెడ్డులో గ్యాస్ కట్టర్‌తో కోస్తామన్నారు. ఆ వేడికి పలుచని రేకు మెలి తిరుగుతుంది, దాన్ని మళ్ళీ సాపు చేయడం కష్టమని వద్దన్నాను. మరొక టింకరింగ్ మేస్త్రి ప్రతి చీలికకూ రెండు కొసల్లో డ్రిల్లుతో నాలుగు మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి, వాటి మధ్య రంపంతో కోసి, కింద చెక్క అచ్చు పెట్టి కొయ్య సుత్తితో అంచును అర అంగుళం పైకి లేపాడు. కొసల్లో ఆ గుండ్రటి రంధ్రాలు లేకపోతే ఇంజిన్ అదురుకు అక్కడి నుంచే రేకు పగలడం మొదలవుతుంది. వరుసకు ఆరు చొప్పున రెండు వరుసలు, ఒక్కొక్కటి నాలుగు అంగుళాల పొడవు, నోరు అద్దం వైపు. బానెట్ అడుగున ఉండే ఊత పట్టీలను ముట్టుకోనివ్వలేదు. కోసిన అంచులకు ఆకురాయి పెట్టించి, తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ పూయించాను.

మరి వాన సంగతి? లూవర్ నోరు వెనక్కి ఉన్నా ఆగి ఉన్న బండిలోకి నీళ్ళు పడతాయి. డీజిల్‌కు స్పార్క్ ప్లగ్గులు, కాయిల్ ఉండవు కనుక కొంత నయమే అయినా, ఎయిర్ ఫిల్టర్ నోట్లో మాత్రం చుక్క కూడా పడకూడదు. లూవర్ల కింద రెండు అంగుళాల ఎడంతో రేకు తొట్టె కట్టించి, దాని మూల నుంచి రబ్బరు గొట్టాన్ని నేల వైపు దింపించాను. జూన్ నుంచి అక్టోబరు దాకా లూవర్లను రెక్కల నట్లతో బిగించే మూత రేకుతో మూసేస్తాను.

ఫలితాన్ని తీగ ఉన్న డిజిటల్ థర్మామీటర్‌తో చూశాను. దాని మొనను ఇంజిన్‌కూ, క్యాబిన్‌ను ఇంజిన్ నుంచి వేరుచేసే రేకు గోడకూ (ఫైర్‌వాల్) మధ్య వేలాడదీశాను. హైవే మీద తేడా నాలుగైదు డిగ్రీలే. అసలు తేడా దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే ఘాట్‌లో తెలిసింది. రెండో గేరులో నెమ్మదిగా ఎక్కుతున్నప్పుడు మునుపు 78 డిగ్రీలు చూపిన చోట, అదే మే నెల మధ్యాహ్నం 64 చూపింది. పైన ఆగి ఇంజిన్ ఆపాక మరీ బాగుంది. ఇంజిన్ ఆగితే ఫ్యాన్, వాటర్ పంపు కూడా ఆగుతాయి, ఇనుములో నిలిచిన వేడంతా మూసిన బానెట్ కింద గాలిలోకి చేరి, ఆపిన పది నిమిషాలకు వేడి నడిచేటప్పటికంటే పెరుగుతుంది. లూవర్లు పెట్టాక ఆ వేడి దానంతటదే పైకి పోతోంది. ఒక ఎండుటాకును లూవర్ మీద పెడితే వణికి ఎగిరిపోయింది. టెంపరేచర్ ముల్లు మాత్రం పాతచోటే ఉంది, ఎందుకంటే నీళ్ళ వేడిని నిర్ణయించేది థర్మోస్టాట్. మేలు జరిగేది హోస్ పైపులకు, బ్యాటరీకి, వైరింగ్ తొడుగులకు. ఇంజిన్ పీల్చే గాలి కూడా పది డిగ్రీలు చల్లబడితే దాదాపు మూడు శాతం చిక్కబడుతుంది, అయితే నడపడంలో నాకు ఆ తేడా తెలియలేదు.

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 వాహనంలో మార్పులకు సంబంధించినది. కోయించే ముందే రవాణా కార్యాలయంలో అడిగి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి.

కాళ్ళు కాలే బాధ మాత్రం లూవర్లతో నాకు సగమే తగ్గింది. మిగిలిన సగం ఫైర్‌వాల్‌లో క్లచ్, బ్రేకు పెడళ్ళు, వైరింగ్ వెళ్ళే రంధ్రాల గుండా వస్తోందని, రాత్రి బానెట్ లోపల టార్చి వెలిగించి ఉంచి చీకటి క్యాబిన్‌లో కూర్చుని చూస్తే తెలిసింది. ఏడు చోట్ల వెలుగు కనబడింది. వాటికి రబ్బరు గ్రామెట్లు (రంధ్రం అంచుకు బిగించే రింగులు) వేయించి, కాళ్ళ దగ్గర రేకు పూత ఉన్న వేడి నిరోధక చాప అతికించాను. మీరు బానెట్ కోయించే లోపు ఈ టార్చి పరీక్ష చేసి చూడండి, దానికైన ఖర్చు నాకు లూవర్ల ఖర్చులో పదో వంతు కూడా కాలేదు.