నాలుగో బోరుకు అప్పివ్వాలా?

ప్రశ్న: మా చిన్నాన్న వాళ్లది రామకుప్పం దగ్గర పల్లె. మూడెకరాలుంది. ఇంటిల్లిపాదీ తెల్లారకముందే లేచి కష్టపడతారు, అయినా అప్పులే. ఇప్పుడు నాలుగో బోరుకు డబ్బు సర్దమంటున్నారు. వాళ్లమ్మాయి పదో తరగతి. 'వాళ్లకు పొదుపు తెలీదు' అంటారు మా ఇంట్లో. నిజమేనా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: కాదమ్మా. మా నాన్నను కూడా అందరూ ఆ మాటే అన్నారు. మాదీ చిత్తూరు జిల్లా పడమటి పల్లెలే, వి.కోట వైపు.

మూడో బోరు వేసిన రాత్రి నేను పక్కనే ఉన్నాను. బోరుబండి హోరులో మాట వినపడదు. అడుగుకింత అని లెక్క. పైకొచ్చిన పొడిని నాన్న పిడికిట్లో నలిపి చూసేవాడు, తడి తగులుతుందేమోనని. తొమ్మిది వందల అడుగుల దాకా తెల్లటి పొడే. అమ్మ కమ్మలు అప్పటికే కుదువలో ఉన్నాయి. ఆ ఏడు అక్క చదువు ఆగిపోయింది. మరుసటి ఏడు పెళ్లి.

గోదావరి డెల్టాకు 1852లోనే ధవళేశ్వరం ఆనకట్ట వచ్చింది. అక్కడ కాలవ తవ్వించింది సర్కారు. మన పడమట ఏడాది పొడుగునా పారే నది లేదు, చెరువులకు వానే దిక్కు. కుప్పం వైపు హంద్రీ–నీవా కాలవ నీళ్లు వచ్చింది మొన్నమొన్న, 2020 దాటాకే. అన్నేళ్లూ నీళ్ల ఖర్చంతా ఒక్కో రైతు తన అప్పుతో మోశాడు. దాన్ని పొదుపు తెలియకపోవడం అంటే ఎలా?

నీళ్లున్నా ధర చేతిలో లేదు. 2025లో తోతాపురి మామిడికి కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, సర్కారు 4 రూపాయలు ఇవ్వాలని చెప్పినా, పల్ప్ ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి. పండిన కాయ ఎన్నాళ్లు ఆగుతుంది? పోనీ వేరే పని చూసుకుందామన్నా, తూర్పున చెన్నై దగ్గర కాబట్టి శ్రీసిటీ పారిశ్రామికవాడ అక్కడ వచ్చింది. కుప్పం పిల్లలు పనికోసం బెంగళూరు రైలెక్కాలి.

ఇక అప్పు సంగతి. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పాయింటు చూపించేవాళ్లను నమ్మి మాత్రం డబ్బివ్వకండి. భూగర్భ జలశాఖ వాళ్లతో సర్వే చేయించమనండి, చుట్టుపక్కల బోర్లు ఎంత లోతున ఎండిపోయాయో కనుక్కోమనండి. ఆవులుంటే ఆ పాలడబ్బులే ఇల్లు నడుపుతుంటాయి, వాటిని బోరు వడ్డీకి ముడిపెట్టనివ్వకండి.

అమ్మాయి ఇంటర్ ఫీజు, హాస్టల్ డబ్బు మాత్రం మీరే వెళ్లి నేరుగా కాలేజీలో కట్టండి. చిన్నాన్న చేతికిస్తే అది బోరులోకే పోతుంది. ఆయన మంచివాడే. మా నాన్నా మంచివాడే.