అయిదు కిలోవాట్లు అక్కర్లేదు, మాస్టారూ

ప్రశ్న: నా వయసు 61. టీచరుగా రిటైరయ్యాను. తెనాలిలో సొంత డాబా ఇల్లు. ఎండాకాలం నాలుగు నెలలూ 320 యూనిట్ల దాకా కాలుతుంది, మిగతా నెలల్లో 200. సోలార్ వాళ్లు వచ్చి 5 కిలోవాట్లు పెట్టించుకోండి, బిల్లు ఉండదు, మిగిలింది అమ్ముకోవచ్చు అంటున్నారు. దానికి 3,10,000 చెప్పారు. 3 కిలోవాట్లకైతే 1,95,000, రెండింటికి 1,40,000 అట. నా దగ్గరున్నది 4 లక్షల ఎఫ్‌డీ ఒక్కటే. తీసెయ్యమంటారా? పిల్లలు పైన వేసుకుంటారేమోనని పిల్లర్ ఊచలు వదిలాం. మీటరు ఇంకా మా నాన్నగారి పేరునే ఉంది.

జవాబు: మాస్టారూ, పెట్టించుకోండి. కానీ అయిదు కాదు, రెండు. ఎందుకో మీ కరెంటు బిల్లే చెబుతుంది, ఓసారి తీసి ముందు పెట్టుకోండి.

మన ఆంధ్రాలో ఇళ్ల టారిఫ్ మెట్లు మెట్లుగా ఉంటుంది. మొదటి 30 యూనిట్లు 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, ఆపైన 400 దాకా 8.75. మీ 320 యూనిట్లలో కింది 225కి పడేది 1,017 రూపాయలు. పైనున్న 95కే 831! సర్దుబాటు చార్జీలు వేరే. సోలార్ కొరికేది ఈ పైమెట్టు నుంచే. ఒక కిలోవాట్ నెలకు సుమారు 120 యూనిట్లు ఇస్తుందనుకుంటే, ఎండాకాలంలో మొదటి కిలోవాట్ మీకు నెలకు 981 రూపాయలు మిగులుస్తుంది. రెండోది 652. మూడోదానికి మిగిలేది అడుగు మెట్లే, 214 మాత్రమే. నాలుగు, అయిదు కిలోవాట్లు తయారుచేసే కరెంటు మీ ఇంట్లో కాలదు, డిస్కంకి, అంటే కరెంటు పంపిణీ కంపెనీకి పోతుంది. దానికి వాళ్లిచ్చేది మీ 8.75 రేటు కాదు.

సబ్సిడీ కూడా అక్కడే ఆగిపోతుంది. కేంద్రం వారి సోలార్ పథకం పీఎం సూర్యఘర్ కింద మొదటి రెండు కిలోవాట్లకు ముప్పయ్యేసి వేలు, మూడోదానికి 18,000, మొత్తం 78,000. ఆపైన ఎంత పెట్టినా అంతే. అంటే ఆ చివరి రెండు కిలోవాట్లకు 1,15,000 అచ్చంగా మీ జేబులోంచే. అమ్మేవాళ్ల లెక్క వాళ్లకుంటుంది, తప్పుపట్టను.

రెండు కిలోవాట్లకు సబ్సిడీ పోను మీకు పడేది 80,000. ఏడాదికి 13,000 దాకా మిగులుతుంది, అంటే ఆరేళ్లు దాటాక పెట్టుబడి తిరిగొస్తుంది. ప్యానెళ్లకు సాధారణంగా 25 ఏళ్ల వారంటీ ఇస్తారు. మధ్యలో ఇన్వర్టరు (ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే పెట్టె) ఒకసారి మార్చాల్సి రావచ్చు, ఆ డబ్బు పక్కన పెట్టుకోండి. అదే 80,000 ఎఫ్‌డీలో 7 శాతానికి ఉంటే ఏడాదికి 5,600, అదీ ఆదాయంలో కలిసే వడ్డీ. ఒక్క తేడా మాత్రం గుర్తుంచుకోండి. ఎఫ్‌డీలో అసలు చివర్లో చేతికొస్తుంది, డాబా మీద పెట్టింది రాదు.

ఇంకోటి. సబ్సిడీ ముందు రాదు. బిగించి, తనిఖీ అయ్యాకే ఖాతాలో పడుతుంది. మొదట 1,40,000 మీరే కట్టాలి. ఎఫ్‌డీ మొత్తం కదపకుండా, కుదిరితే రెండు లక్షలు విడిగా చీల్చి వాడండి. మీకు అరవై దాటాయి, ఆసుపత్రి డబ్బు ముట్టుకోవద్దు. ఈ పథకానికి బ్యాంకులు పూచీకత్తు లేకుండా లోను కూడా ఇస్తున్నాయి, అడిగి చూడండి.

కరెంటు పోతే సోలార్ ఉందిగా అనుకుంటున్నారేమో. మా ఇంట్లో పెట్టించిన మొదటి నెలలోనే మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. మా అమ్మ ఆగిపోయిన ఫ్యాను కింద కూర్చుని, "సూర్యుడు నెత్తిమీదే ఉన్నాడు కదరా" అంది. ఆన్‌గ్రిడ్ సిస్టమ్, అంటే బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకే కలిపేది, అంతే. లైను మీద పనిచేసే లైన్‌మన్‌కి షాక్ కొట్టకుండా, కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. బ్యాటరీ కావాలంటే ఖర్చు వేరు, ప్రస్తుతానికి మీకు వద్దంటాను.

ఇక ఆ ఊచల సంగతి. నిజంగా రెండేళ్లలో పైన వేస్తారంటే ఇప్పుడు ఆగండి. ప్యానెళ్లు విప్పి మళ్లీ బిగించే కూలీ దండగ. కానీ పదేళ్లుగా తుప్పు పడుతున్న ఊచలైతే, పిల్లల్ని కూర్చోబెట్టి ఒక్కసారి సూటిగా అడగండి. "చూద్దాంలే నాన్నా" అంటే వెయ్యరనే అర్థం.

ఈలోగా మీటరు మీ పేరుకు మార్పించే పని మొదలుపెట్టండి, దరఖాస్తు బిల్లు మీదున్న పేరుతోనే నడుస్తుంది. ఉదయం తొమ్మిదికి, పన్నెండుకి, మూడుకి డాబా ఎక్కి ట్యాంకు నీడ, పక్కింటి కొబ్బరిచెట్టు నీడ ఎంతదాకా వస్తున్నాయో సుద్దముక్కతో గీయండి. డిసెంబరులో గీస్తే మరీ మంచిది, నీడలు బాగా పొడుగ్గా పడేది అప్పుడే. సుద్దముక్క పట్టడం మీకు కొత్తేం కాదుగా. ఆ గీతల బయట ఎండతగిలే చోటు రెండొందల చదరపుటడుగులు మిగిలితే రెండు కిలోవాట్లకు సరిపోతుంది.