లాఫ్ట్ కోసం పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది 300 చదరపు అడుగుల సొంత ఇల్లు. పైకప్పు ఎత్తు 10 అడుగుల 6 అంగుళాలు. పడుకోవడానికి 80 చదరపు అడుగుల లాఫ్ట్ వేయించాలనుకుంటున్నాం. సొరుగుల మెట్లు, గోడ అల్మారాతో కలిపి వేసిన అంచనాలో ముప్పావు వంతు డబ్బే చేతిలో ఉంది. మిగతాది పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

జవాబు: వద్దండి. 14 శాతం వడ్డీతో మూడేళ్లకు తీసుకుంటే వందకు దాదాపు 123 తిరిగి కడతారు. పైగా మీకు తక్కువ పడేది సొరుగులకు, అల్మారాకు. అవి ఏడాది ఆగినా నష్టం లేదు. ఇప్పుడు మామూలు స్టీలు మెట్లు పెట్టించి, కింద సొరుగులకు చోటు వదిలేయండి.

తర్వాత మార్చలేనివాటికే ముందు ఖర్చు పెట్టండి. మొదటి ఫీజు స్ట్రక్చరల్ ఇంజినీరుది. చదరపు మీటరుకు 200 కిలోల లెక్కన మీ లాఫ్ట్ దాదాపు ఒకటిన్నర టన్నులు మోయాలి. అడ్డగోడ ఇటుకల్లో బోల్టులు దించి నిలబెడతామంటే దయచేసి ఒప్పుకోకండి, కొన్నాళ్లకు బోల్టు చుట్టూ ఇటుక చిట్లి పట్టు వదిలేస్తుంది. బరువు బీములకో, నేల మీది స్టీలు స్తంభాలకో చేరాలి. 18 ఎం.ఎం. ప్లైవుడ్ కింద అడ్డపట్టీలు 16 అంగుళాలకొకటి ఉండాలి. పట్టీలు మిగల్చాలని దూరం పెంచితే అడుగు వేసిన చోటల్లా ప్లైవుడ్ కుంగుతుంది.

ఎత్తు లెక్క మరీ ముఖ్యం. మీకున్నవి 126 అంగుళాలు. కింద నడవడానికి 80, ఫ్రేమ్‌తో కలిపి లాఫ్ట్ మందం 6, పరుపు 4 పోతే 36 మిగులుతాయి. నిటారుగా కూర్చోవడానికి అది సరిగ్గా చాలుతుంది. పరుపు 10 అంగుళాలదైతే తల పైకప్పుకు తగులుతుంది. కాబట్టి పరుపు ముందే కొనేయకండి.

వేడి గాలి పైకే చేరుతుంది. లాఫ్ట్ గోడకు ఒక ఫ్యాన్, పైకప్పు దగ్గర ఎగ్జాస్ట్, తల దగ్గర ఒక స్విచ్ కావాలి. వీటి వైరింగ్ ప్లైవుడ్ పరచకముందే అయిపోవాలి, లేకపోతే చేసిన పని విప్పించి మళ్లీ కూలి ఇవ్వాలి.

చేతిలో ఉన్న డబ్బులో 15 శాతం అనుకోని ఖర్చులకు పక్కన పెట్టాకే పని మొదలుపెట్టండి. ఆరు నెలల ఇంటి ఖర్చుకు దాచినది ఇందులో కలపకండి. వెల్డింగ్ మేస్త్రీకి ఫ్రేమ్ నిలిచాక కొంత, ప్లైవుడ్ పరిచాక కొంత ఇవ్వండి. మూడడుగుల రెయిలింగ్ బిగించి, మీరు గట్టిగా ఊపి చూశాకే చివరి వాయిదా ఇవ్వండి.