ఆ విందు ఎవరు వండారు?

అమ్మాయీ,

నువ్వు పంపిన పన్నెండు పేజీలూ అందాయి. రెండుసార్లు చదివాను, ఒకసారి కాఫీ తాగుతూ, ఒకసారి పెన్ను పట్టుకుని. అమెరికా చరిత్రని ఎదురెదురు మనుషుల జీవితాలుగా, జంటలు జంటలుగా తెలుగులో చెప్పాలన్న ఆలోచన నాకు నచ్చింది. వీధికి నాలుగిళ్ళ పిల్లలు అక్కడే ఉన్నారు. వాళ్ళ పిల్లలు బళ్ళో చదువుకునే చరిత్ర మాత్రం మనకి డాలరు నోటు మీది బొమ్మ దగ్గరే ఆగిపోయింది. కాబట్టి మానకు, రాయి.

అయితే తొలి ఆర్థికమంత్రి హామిల్టన్, తొలి విదేశాంగమంత్రి జెఫర్సన్‌ల గొడవ మీద, వాళ్ళు బేరం కుదుర్చుకున్న విందు మీద నువ్వు రాసింది చదువుతుంటే సంక్రాంతికి బరి పక్కన నిలబడ్డట్టుంది. రెండు పుంజులు, రెండు కత్తులు. నీ పందెం హామిల్టన్ మీదేనని రెండో పేజీకే తెలిసిపోయింది. పాపం జెఫర్సన్ నోరు విప్పినప్పుడల్లా కపటమే మాట్లాడాడు. మన పద్యనాటకాల్లో దుర్యోధనుడికీ మంచి పద్యాలుంటాయి, వాడికీ వన్స్‌మోర్ కొడతారు. నీ జెఫర్సన్‌కి ఒక్క పద్యమైనా ఇవ్వు.

ఈ తప్పు నేనూ చేశాను. ముప్పై ఏళ్ళ కిందట ఒక వారపత్రికకి లింకన్ మీద రాశాను. 1858లో ఇల్లినాయ్‌లో సెనేట్ సీటు కోసం లింకన్, స్టీఫెన్ డగ్లస్ ఏడు ఊళ్ళలో ఒకే వేదిక మీద వాదించుకున్నారు. ఒకాయన ఆరడుగుల నాలుగంగుళాలు, ఇంకొకాయన ఐదడుగుల నాలుగంగుళాలు. రాసేవాడికి ఇంకేం కావాలి! పొడుగాయన్ని ధర్మరాజునీ పొట్టాయన్ని శకునినీ చేసి పారేశాను. వారం తిరక్కుండా ఒక రిటైర్డ్ లెక్చరర్ దగ్గర్నుంచి కార్డు వచ్చింది. ఒకే ఒక్క వాక్యం: ‘చార్ల్స్‌టన్ సభలో లింకన్ ఏమన్నాడో చదివారా?’

చదవలేదు. చదివాక రెండ్రోజులు అన్నం సయించలేదు.

అది సెప్టెంబర్ 18న జరిగిన నాలుగో సభ. (ఇల్లినాయ్‌లోని చార్ల్స్‌టన్ అది, దక్షిణ కరోలినాలోది కాదు. నేను ముందు అక్కడా బోల్తాపడ్డాను.) తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ సామాజికంగా, రాజకీయంగా సమానత్వం తేవాలని నేనెప్పుడూ అనలేదు, వాళ్ళకి ఓటు ఇమ్మనీ జ్యూరీలో కూర్చోబెట్టమనీ అడగను అంటూ మొదలుపెట్టాడు లింకన్. బానిసత్వం కొత్త ప్రాంతాలకి పాకకూడదని డగ్లస్‌తో అంత గట్టిగా పోట్లాడినవాడు, ఈ ఒక్క విషయంలో వెళ్ళి డగ్లస్ పక్కనే నిలబడ్డాడు. ఎదురుగా ఉన్న ఓటర్లంతా తెల్లవాళ్ళే మరి. అప్పటికి ఓడిపోయాడనుకో. రెండేళ్ళకి అదే డగ్లస్‌ని ఓడించి అధ్యక్షుడయ్యాడు. యుద్ధం మొదలైతే డగ్లస్ పాత పగ పక్కన పెట్టి లింకన్‌ని సమర్థించాడు, ఆ జూన్‌లోనే పోయాడు. ఇందులో శకుని ఎక్కడున్నాడు చెప్పు?

ఆ కార్డు పుణ్యమా అని నాకొక అలవాటైంది. ఎదురెదురు మనుషుల్ని చదివేటప్పుడు వాళ్ళు దేనికోసం కొట్టుకున్నారో నోటుబుక్కులో ఎడమ పేజీలో రాసుకుంటాను. దేని జోలికి వెళ్ళలేదో కుడి పేజీలో. ఎడమ పేజీ నాలుగు రోజుల్లో నిండుతుంది. కుడిది నిండాలంటే నెలలు పడుతుంది. నీ పన్నెండు పేజీల్లో కుడి పేజీ లేదు.

ఇంకో సంగతి మర్చిపోయేలోపు చెప్పేస్తాను. ఆ ఏడు సభల పాఠాలూ మనకి పేపర్ల నుంచే వచ్చాయి. షికాగోలో డెమొక్రాట్ల పత్రిక డగ్లస్ మాటల్ని నున్నగా దువ్వి, లింకన్‌వి తడబడినవి తడబడినట్టే వేసింది. రిపబ్లికన్ల పత్రిక దాన్ని తిరగేసి చేసింది. ఒకే బహిరంగ సభ వార్త రెండు తెలుగు పేపర్లలో చదివే నీకు ఇందులో వింతేం ఉండదు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువు.

నీ తర్వాతి జంట రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్, ఆయన తర్వాత అధ్యక్షుడైన జెఫర్సన్ అన్నావు. చాలా మంచి జంట. కలిసి స్వాతంత్ర్యం కోసం పనిచేసి, తర్వాత చెరో పార్టీ అయ్యారు. 1800 ఎన్నికల్లో ఓడిన ఆడమ్స్, జెఫర్సన్ ప్రమాణ స్వీకారం చూడకుండా తెల్లవారకముందే ఊరు విడిచిపోయాడు. పదకొండేళ్ళు మాటల్లేవు. ఇద్దరికీ స్నేహితుడైన డాక్టర్ బెంజమిన్ రష్ మధ్యలో తంటాలు పడగా, 1812 జనవరి 1న ఆడమ్స్ ఒక చిన్న ఉత్తరం రాశాడు. ఇక్కడ జరిగింది నీ వ్యాసంలో తప్పకుండా ఉండాలి. ‘మా వైపు ఇంట్లో నేసిన బట్ట రెండు ముక్కలు పంపుతున్నాను’ అన్నాడు ఆడమ్స్. ఆయన పంపింది బట్ట కాదు, కొడుకు జాన్ క్విన్సీ వక్తృత్వం మీద ఇచ్చిన ఉపన్యాసాలు, రెండు సంపుటాలు. పెద్దాయన చమత్కారం. పార్సిలు ఆలస్యమైంది, ఉత్తరం ముందు చేరింది. జెఫర్సన్ నిజంగానే బట్టనుకుని, వర్జీనియా ఇళ్ళలో నూలు ఎలా వడుకుతారో, ఎలా నేస్తారో బోలెడంత జవాబు రాసి పంపాడు! పదకొండేళ్ళ మౌనం విడిచింది ఇలా, పొందూరు ఖద్దరు గురించి మాట్లాడుకున్నట్టు. నాకైతే ఆ ఇద్దరి సిద్ధాంతాల కంటే ఈ పొరపాటే ఎక్కువ ఇష్టం.

ఆ తర్వాత పద్నాలుగేళ్ళలో 158 ఉత్తరాలు నడిచాయి. అందులో 109 ఆడమ్స్‌వే. మతం, ముసలితనం, గ్రీకు పుస్తకాలు, ఫ్రెంచి విప్లవం, అన్నీ ఉన్నాయి. బానిసత్వం మాత్రం దాదాపు లేదు. ఆడమ్స్ బానిసల్ని ఉంచుకోలేదు. జెఫర్సన్ జీవితకాలంలో ఆరువందల మందికి పైగా ఆయన ఆస్తిగా బతికారు. ఒకచోట, 1821లో, ఆడమ్స్ అంటాడు: అర్ధ శతాబ్దంగా ఇది నల్లమబ్బులా ఈ దేశం మీద వేలాడుతోంది, నాకిది అర్థం కాదు, మీకే వదిలేస్తున్నానని దక్షిణాది పెద్దమనుషులకి చెబుతూ వచ్చాను అని. మీకే వదిలేస్తున్నాను! ఆ స్నేహం అన్నేళ్ళు నిలవడానికి అదే కారణమేమోనని నా అనుమానం. 1826 జులై 4న, స్వాతంత్ర్య ప్రకటనకి యాభై ఏళ్ళు నిండిన రోజున, ఇద్దరూ పోయారు. అందరూ వ్యాసం అక్కడ ముగిస్తారు, ఎందుకంటే అది సినిమా క్లైమాక్స్‌లా ఉంటుంది. నువ్వు ఇంకో ఆరు నెలలు ముందుకి నడువు. 1827 జనవరి చలిలో, జెఫర్సన్ అప్పులు తీర్చడానికి ఆయన ఎస్టేటు మాంటిసెల్లోలో 130 మంది మనుషుల్ని వేలం వేశారు.

నల్లజాతి నాయకులు బుకర్ టి. వాషింగ్టన్, డబ్ల్యూ. ఈ. బి. డుబోయిస్‌ల జంట ఇప్పుడే ఎత్తుకోకు, అది కష్టం. 1895 అట్లాంటా ప్రసంగానికి వాషింగ్టన్‌ని మనసారా అభినందించినవాడు డుబోయిస్. తర్వాత దాన్నే చీల్చి చెండాడాడు. బయట సర్దుకుపొమ్మని చెప్పే వాషింగ్టన్, చాటుగా ఓటు హక్కు కేసులకి డబ్బు పంపాడు. ఇద్దర్నీ ఒకే కుర్చీలో కూర్చోబెట్టడానికి నీకింకా రెండేళ్ళు పడుతుంది. చేసిన రోజున, 1946లో అంబేద్కర్ డుబోయిస్‌కి రాసిన ఉత్తరం మర్చిపోకు. మన పాఠకుడికి అది దగ్గరి దారి.

ఇక నీ విందు. 1790 జూన్, న్యూయార్క్, జెఫర్సన్ ఇల్లు. హామిల్టన్ మనిషి పీక్కుపోయి, బట్టలు కూడా సరిగ్గా లేకుండా వీధిలో కనిపించాడనీ, తనే జాలిపడి, కాంగ్రెస్‌లో వర్జీనియా నాయకుడైన మాడిసన్‌తో కలిపి భోజనానికి పిలిచాననీ రాసుకున్నది జెఫర్సన్. మనకున్న సాక్ష్యం ఆయన ఒక్కడిదే, అదీ తర్వాత రాసుకున్నది. 1792 నాటికి ఆయనే హామిల్టన్ నన్ను మోసం చేశాడని అప్పటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్‌కి మొరపెట్టుకున్నాడు. ఈ సంగతి నీ పాఠకుడికి చెప్పాలి. హామిల్టన్ కోరినట్టు రాష్ట్రాల అప్పులు కేంద్రం నెత్తికెత్తుకుంటుంది, మిగతా ఇద్దరూ కోరినట్టు రాజధాని పొటోమాక్ నది ఒడ్డుకి వెళ్తుంది. బేరం కుదిరింది. నువ్వు అక్కడ ఆపేశావు. పొటోమాక్ ఒడ్డంటే ఏమిటి? ఒక పక్క వర్జీనియా, ఒక పక్క మేరీలాండ్, రెండూ బానిసత్వం ఉన్న రాష్ట్రాలే. వైట్‌హౌస్‌కీ, కాంగ్రెస్ భవనం కాపిటల్‌కీ రాళ్ళు మోసినవాళ్ళలో బానిసలున్నారు. ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళలో దాని మీద గొడవపడ్డవాడెవడూ లేడు.

అప్పట్లో జెఫర్సన్ ఇంటి వంట ఆయన బానిస జేమ్స్ హెమింగ్స్‌ది. 1784లో జెఫర్సన్ వెంట పారిస్ వెళ్ళి ఫ్రెంచి వంట నేర్చుకున్నాడు. ఆ దేశంలోనే ఉండిపోతే స్వేచ్ఛ దొరికేది. తిరిగొచ్చాడు. జెఫర్సన్ భార్యకి సవతి తమ్ముడవుతాడని చరిత్రకారులంటారు. తను చూపించిన మనిషికి వంట నేర్పితే వదిలేస్తానని జెఫర్సన్ కాగితం రాసిచ్చాడు, హెమింగ్స్ తన తమ్ముడు పీటర్‌కి నేర్పాక 1796లో వదిలేశాడు. వెళ్ళేముందు హెమింగ్స్ వంటింటి సామానంతా తన చేత్తో జాబితా రాసి పెట్టాడు. రాగి గిన్నెలు, మూతలు, గరిటెలతో సహా. ఆ కాగితం ఇప్పటికీ ఉంది.

ఆ కాగితంతో మొదలుపెట్టి నీ విందు మళ్ళీ రాయి. హామిల్టన్ కాస్త ఆలస్యంగా వచ్చినా ఫర్వాలేదు. దసరాకి ఊరొచ్చినప్పుడు పట్రా. ప్రింటు తీసే పట్రా, ఫోన్‌లో చదివితే కళ్ళు లాగుతున్నాయి.

ఉంటాను మరి.